వాడిన ఫోన్, ల్యాప్‌టాప్, కెమెరా ఆన్‌లైన్ వేలంలో అమ్మడం ఎలా: గొడవలు రాకుండా, వచ్చినా నష్టపోకుండా

"వేలంలో గెలిచినతను నాలుగు రోజులైనా డబ్బు కట్టలేదండీ, ఇప్పుడేం చేయాలి?" "ల్యాప్‌టాప్ పంపిన మూడు వారాలకు స్క్రీన్ మీద గీత ఉందంటున్నారు, నేను పంపినప్పుడు లేదు, ఎలా నిరూపించాలి?" ఇలాంటి ప్రశ్నలు ఎంత తరచుగా వస్తున్నాయంటే, ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబులు రాసే బదులు అంతా ఒకచోట పెట్టేద్దామని కూర్చున్నాను. చాలా ఏళ్లుగా పాత ఎలక్ట్రానిక్ వస్తువులు ఇలా అమ్ముతున్నాను. దెబ్బలు తిన్నాను కూడా, వాటిలో ఒకటి రెండు కింద చెబుతాను.

ఒక మాట ముందే చెప్పాలి. గొడవ మొదలయ్యాక మీ చేతిలో ఉండేది చాలా తక్కువ. వస్తువు గురించి మీకు తెలిసింది కొనేవాళ్లకు తెలియదు, దాదాపు ప్రతి తలనొప్పీ అక్కడే పుడుతుంది. అందుకని లిస్టింగ్ (సైటులో పెట్టే అమ్మకపు ప్రకటన) పెట్టకముందే ఒక పూట కూర్చుని మీకు తెలిసినదంతా వాళ్లకు తెలిసేలా చేయాలి, అలా చేశారని చూపించే ఆధారం దాచుకోవాలి. కింద రాసినదంతా ఈ రెండింటి కోసమే.

నియమాలు సైటుకో రకంగా ఉంటాయి. ఎక్కువమందికి తెలిసిన వేలం సైటు కాబట్టి ఉదాహరణలు ఈబే నుంచి ఇస్తున్నాను. మీ సైటులో గడువులు, ఫీజులు వేరైతే వాటినే పట్టించుకోండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- వస్తువుతో వచ్చిన ఛార్జర్, కేబుళ్లు, పెట్టె ఉంటే పెట్టె
- మెత్తటి పొడి గుడ్డ, టార్చి
- ఫోటోలు, వీడియో తీయడానికి ఇంకో ఫోన్
- ఒకే రంగు ఉన్న గుడ్డ లేదా చార్ట్ పేపర్ (పువ్వుల దుప్పటి వద్దు, గీతలు కనపడవు)
- కాగితం, పెన్ను
- ఒకదాంట్లో ఒకటి పట్టే రెండు గట్టి అట్టపెట్టెలు, బబుల్ రాప్, వెడల్పాటి టేప్
- బరువు తూచే చిన్న మిషన్
- కంప్యూటర్లో ఈ ఒక్క అమ్మకం కోసం ఒక కొత్త ఫోల్డర్

1. వేలమే పెట్టాలా అని ముందు చూడండి

వేలం ఎలా నడుస్తుందో ఒక్క ముక్కలో చెబుతాను. బిడ్ వేసేవాళ్లు తాము ఎంతవరకు ఇవ్వగలరో సైటుకు చెబుతారు, అవతలివాళ్ల బిడ్‌ని దాటడానికి ఎంత కావాలో అంతవరకే సైటు పెంచుకుంటూ పోతుంది. అంటే చివరి ధరను తేల్చేది గెలిచినతను కాదు, రెండో స్థానంలో ఉన్నతను. నిజంగా కావాలనుకునేవాళ్లు ఇద్దరైనా లేకపోతే మీ వస్తువు ప్రారంభ ధరకే పోతుంది.

అందుకని పాత ఫిల్మ్ కెమెరాలు, లెన్సులు, తయారీ ఆగిపోయిన గేమ్ కన్సోళ్లు, మంచి ఆడియో పరికరాలు, అంటే ధర ఇంత అని ఎవరూ చెప్పలేనివీ, వాటికోసం వెతికేవాళ్లు ఉన్నవీ వేలానికి బాగుంటాయి. రెండేళ్ల కిందటి మామూలు ఫోన్ అయితే అలాంటివే వందల కొద్దీ లిస్టింగులు ఉంటాయి, దానికి ఫిక్స్‌డ్ ధర పెట్టి బేరానికి చోటిస్తే చాలు.

ధర తెలుసుకోవడానికి అమ్మకానికి ఉన్నవాటి ధరలు చూడకండి, అవి అమ్మేవాళ్ల ఆశలు మాత్రమే. సెర్చ్‌లో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంటుంది, అది పెట్టి అదే మోడల్, అదే స్టోరేజ్, దాదాపు అదే కండిషన్‌లో ఉన్న చివరి పది అమ్మకాలు చూడండి. అన్నిటికన్నా ఎక్కువకు పోయినదాన్నీ, తక్కువకు పోయినదాన్నీ వదిలేసి మిగతావి రాసుకోండి. అందులోంచి సైటు ఫీజు, పార్శిల్ ఖర్చు, ప్యాకింగ్ ఖర్చు తీసేయండి. మిగిలింది చూసి మనసు ఒప్పుకోకపోతే ఇక్కడే ఆగిపోవచ్చు. తెలిసినవాళ్లకు అమ్మడమో, కంపెనీల ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వడమో మేలు.

జాగ్రత్త: బ్యాటరీ ఉబ్బిన వస్తువును అమ్మకానికి పెట్టకండి. ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెడితే నాలుగు కాళ్లూ ఆనకుండా ఊగుతుంటే, టచ్‌ప్యాడ్ నొక్కినా కిందికి దిగకపోతే, ఫోన్ స్క్రీన్ ఒక అంచున లేచి సందులోంచి వెలుగు కనపడుతుంటే బ్యాటరీ ఉబ్బిందనే అనుకోండి. పాడైన లిథియం బ్యాటరీని విమానంలో పంపడం నిషేధం. ముందు సర్వీస్ సెంటర్‌లో తీయించి, ఆ తర్వాతే అమ్మే ఆలోచన చేయండి.

2. రీసెట్ చేయకముందే అన్నీ టెస్ట్ చేయండి

చాలామంది ముందు ఫోన్ తుడిచేసి ఆ తర్వాత పరీక్షిస్తారు. అప్పటికి అకౌంట్ లేదు, సిమ్ లేదు, యాప్‌లు లేవు, సగం పరీక్షలు కుదరవు. కాగితం తీసుకుని ఒక్కొక్కటి చూస్తూ రాయండి: ఛార్జింగ్ ఎక్కుతోందా, కేబుల్ కదిపితే ఆగుతోందా, ముందు వెనక కెమెరాలు, స్పీకర్, మైకు (మీకు మీరే వాయిస్ రికార్డ్ చేసుకుని వినండి), వైఫై, బ్లూటూత్, వేలిముద్ర, ప్రతి బటన్, ల్యాప్‌టాప్ అయితే ప్రతి కీ, ప్రతి యూఎస్‌బీ పోర్టు, మడత దగ్గర కీలు వదులైందా అన్నది.

స్క్రీన్‌కి ప్రత్యేకంగా టైమ్ ఇవ్వండి, ఎందుకంటే ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేది దాని మీదే. పూర్తిగా తెల్లగా, పూర్తిగా నల్లగా, పూర్తిగా ఎర్రగా ఉన్న బొమ్మలు ఒక్కొక్కటి ఫుల్ స్క్రీన్‌లో పెట్టి చూడండి. తెలుపులో మచ్చలు, నలుపులో వెలుగుతున్న చుక్కలు, ఎరుపులో పాత ఐకాన్ల నీడలు బయటపడతాయి. తర్వాత స్క్రీన్ ఆపేసి టార్చిని పక్క నుంచి, దాదాపు గాజుకు ఆనించినట్టు ఏటవాలుగా వేయండి. మామూలుగా కనిపించని సన్నటి గీతలన్నీ అప్పుడు వెంట్రుకల్లా తెల్లగా మెరుస్తాయి. వాటిని లెక్కపెట్టి రాసుకోండి.

బ్యాటరీ అంకె తప్పకుండా ఇవ్వాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోని బ్యాటరీ విభాగంలో శాతం కనపడుతుంది. యాపిల్ లెక్క ప్రకారం ఐఫోన్ 14, అంతకు ముందు మోడళ్ల బ్యాటరీ 500 పూర్తి ఛార్జ్ సైకిళ్ల (మొత్తం సామర్థ్యమంత ఛార్జ్ వాడితే ఒక సైకిల్) తర్వాత, ఐఫోన్ 15 మోడళ్లది 1000 సైకిళ్ల తర్వాత మొదటి సామర్థ్యంలో 80 శాతం నిలబెట్టుకునేలా తయారుచేస్తారు. కాబట్టి 84 శాతం చూపిస్తుంటే అది సిగ్గుపడాల్సిన విషయం కాదు, వాడిన ఫోన్‌కి మామూలే, రాసేయండి. మ్యాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో పవర్ అనే చోట సైకిళ్ల సంఖ్య ఉంటుంది. విండోస్ ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ రిపోర్ట్ తయారుచేసే కమాండ్ విండోస్‌లోనే ఉంది, కొత్తప్పటి సామర్థ్యం ఎంత, ఇప్పుడు ఎంత అని పక్కపక్కన చూపిస్తుంది.

చివరగా ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), సీరియల్ నంబర్. ఫోన్ డయల్ చేసే చోట *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది. దాన్ని ఫోటో తీసి ఫోల్డర్లో పెట్టండి. కెమెరా, లెన్స్, కన్సోల్, గ్రాఫిక్స్ కార్డు ఏదైనా సరే సీరియల్ నంబర్ ఉన్న స్టిక్కర్‌ని దగ్గరగా ఫోటో తీయండి. ఈ ఒక్క ఫోటో తర్వాత మిమ్మల్ని ఎలా కాపాడుతుందో తొమ్మిదో స్టెప్‌లో చెబుతాను.

3. డేటా తుడవండి, లాక్‌లు తీయండి

వరుస ముఖ్యం. ముందు బ్యాకప్, తర్వాత ఓటీపీ కోడ్‌లు ఇచ్చే యాప్ ఏదైనా ఉంటే దాన్ని కొత్త ఫోన్‌లోకి మార్చుకోవడం (ఇది మర్చిపోయి సొంత అకౌంట్లలోకి వెళ్లలేక అవస్థ పడ్డవాళ్లు చాలామంది), తర్వాత అకౌంట్ల నుంచి సైన్ అవుట్, అన్నిటికన్నా చివర రీసెట్.

ఐఫోన్లకు 2013లో ఐఓఎస్ 7తో యాక్టివేషన్ లాక్ వచ్చింది, ఆండ్రాయిడ్‌కి అలాంటి రక్షణే 2015లో 5.1 వెర్షన్‌తో వచ్చింది. దొంగలకు అడ్డుపడేందుకు పెట్టిన ఈ లాక్ మీరు తీయకపోతే కొన్నవాళ్లకూ అడ్డుపడుతుంది. వాళ్ల చేతిలో ఉన్నది మీ పాస్‌వర్డ్ అడిగే గాజు పలక. కాబట్టి ఐఫోన్ అయితే ఫైండ్ మై (పోయిన ఫోన్‌ని వెతికిపెట్టే సౌకర్యం) ఆపి సైన్ అవుట్ అవ్వండి, ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ తీసేసి ఆ తర్వాత రీసెట్ చేయండి. స్మార్ట్‌వాచ్ అయితే ఫోన్ నుంచి అన్‌పెయిర్ చేయాలి. ఈ-సిమ్ ఉంటే అదీ తీసేయాలి. మెమరీ కార్డు స్లాట్‌ని వేలితో తడిమి మరీ చూడండి.

ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్ విషయంలో ఫైళ్లు డిలీట్ చేస్తే సరిపోదు, మామూలు ఫార్మాట్ కూడా సరిపోదు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ విద్యార్థులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలట్ 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సెకండ్‌హ్యాండ్‌లో 158 హార్డ్ డిస్కులు కొని చూస్తే, పనిచేసిన 129లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే, మిగతావాటిలో దొరికిన క్రెడిట్ కార్డు నంబర్లే ఐదు వేలకు పైగా. విండోస్‌లో రీసెట్ చేసేటప్పుడు డ్రైవ్‌ని పూర్తిగా శుభ్రం చేసే ఆప్షన్ ఉంటుంది, టైమ్ పట్టినా అదే ఎంచుకోండి. ఎస్ఎస్‌డీ (తిరిగే డిస్క్ లేని, చిప్‌లతో పనిచేసే డ్రైవ్) అయితే తయారుచేసిన కంపెనీ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ టూల్ వాడండి. అదీ కుదరకపోతే డ్రైవ్ తీసేసి, డ్రైవ్ లేకుండా అమ్మండి, ధర కొంచెం తగ్గుతుంది గానీ టెన్షన్ ఉండదు.

సరిగ్గా అయ్యిందో లేదో ఇలా తెలుస్తుంది: రీసెట్ తర్వాత ఆన్ చేసి, వైఫై కలిపి, మొదటి రెండు మూడు స్క్రీన్ల దాకా వెళ్లండి. పాత అకౌంట్ పాస్‌వర్డ్ అడిగితే లాక్ ఇంకా ఉన్నట్టే. కొత్త యజమానిని ఆహ్వానిస్తున్నట్టు మామూలుగా ముందుకు వెళ్తుంటే అక్కడే ఆపి స్విచాఫ్ చేయండి.

పంపేశాక గుర్తొచ్చిందా? కంగారు పడకండి. ఐఫోన్ అయితే మీ అకౌంట్‌లోకి వెబ్‌లో వెళ్లి ఆ పరికరాన్ని ఎరేజ్ చేసి, ఆ తర్వాత అకౌంట్ నుంచి తీసేయవచ్చు. పాస్‌వర్డ్ మాత్రం కొన్నవాళ్లకు మెసేజ్‌లో పంపకండి, వాళ్లు ఎంత మంచిగా అడిగినా సరే.

4. లోపాలకే ఎక్కువ ఫోటోలు తీయండి

కిటికీ పక్కన, పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీయండి. ఈబేలో ఒక లిస్టింగ్‌కి 24 ఫోటోల దాకా పెట్టుకోవచ్చు, మొహమాటపడకుండా వాడుకోండి. ఆరు వైపుల నుంచి ఆరు, స్క్రీన్ ఆన్‌లో ఒకటి, ఆఫ్‌లో ఒకటి, పోర్టుల లోపలికి ఒకటి, ఇచ్చే వస్తువులన్నీ ఒకచోట పేర్చి ఒకటి. ఆ తర్వాత ప్రతి గీత, ప్రతి సొట్ట, రంగు పోయిన ప్రతి మూల విడివిడిగా. పక్కన నాణెం పెట్టి తీస్తే ఎంత పెద్దదో చూడగానే తెలుస్తుంది.

ఒకసారి ఒక పాత లెన్స్ అమ్మాను. గాజు లోపల, అంచు దగ్గర, సాలెపురుగు మొదటి పోగు వేసినంత సన్నగా ఫంగస్ ఉంది. నాకు తెలుసు. ఫోటోల మీద ప్రభావం లేదు కదా అని రాయలేదు. కొన్నాయన టార్చి వేసి చూసి, ఫోటో తీసి పంపారు. ఆయన తప్పేం లేదు. డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చి, రానూపోనూ పార్శిల్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. రెండోసారి అదే లెన్స్‌ని, ఆ ఫంగస్ ఫోటో రెండోదిగా పెట్టి, ఏం ఉందో ఉన్నట్టు రాసి వేలానికి పెడితే మొదటి ధరకన్నా కొంచెమే తక్కువకు పోయింది, మళ్లీ ఒక్క మెసేజ్ కూడా రాలేదు.

ఇంటర్నెట్‌లో దొరికిన కంపెనీ ఫోటో వాడకండి. ఐఎంఈఐ, సీరియల్ నంబర్ పూర్తిగా కనిపించే ఫోటో లిస్టింగ్‌లో పెట్టకండి, చివరి అంకెలు కప్పేయండి, అసలు ఫోటో మీ ఫోల్డర్లో ఉంటే చాలు. స్క్రీన్ మీద మీ మొహం, గది ప్రతిబింబిస్తున్నాయేమో కూడా ఒకసారి చూసుకోండి.

5. టైటిల్, వివరణ

ఈబే టైటిల్‌కి 80 అక్షరాలే. అందులో కంపెనీ, కచ్చితమైన మోడల్ నంబర్, స్టోరేజ్, రంగు, కండిషన్ పట్టాలి. "సూపర్", "అదిరిపోయే" లాంటి మాటలను ఎవరూ సెర్చ్ చేయరు, చోటు వృథా.

వివరణ చిన్న వాక్యాల్లో రాయండి. నేను రాసే తీరు ఇలా ఉంటుంది:

"రెండేళ్లు వాడాను, ఒక్క చేతి మీదే ఉంది. బ్యాటరీ 84 శాతం. స్క్రీన్ ఆఫ్ చేస్తే పైభాగంలో రెండు సన్నటి గీతలు కనపడతాయి (ఫోటో 9), ఆన్‌లో కనపడవు. కింద ఎడమ మూల సొట్ట (ఫోటో 10). కెమెరాలు, స్పీకర్లు, మైకు, వేలిముద్ర, వైఫై అన్నీ టెస్ట్ చేశాను, పనిచేస్తున్నాయి. ఎప్పుడూ రిపేర్ చేయించలేదు. అకౌంట్ లాక్‌లు తీసేశాను. కేబుల్ ఇస్తాను, ఛార్జర్ ఇవ్వను, పెట్టె లేదు."

ఛార్జర్ ఇవ్వను అన్న మాట అనవసరంగా అనిపించవచ్చు. కానీ మీరు ఇస్తానని అనకపోయినా, ఇవ్వనని రాయకపోతే వస్తుందనే అనుకునేవాళ్లు ఉంటారు.

ఎక్కువగా దొర్లే తప్పులు మూడు. మొదటిది, "నాకు తెలిసినంతవరకు బాగానే పనిచేస్తుంది" అని రాయడం. గొడవ వచ్చినప్పుడు ఈ వాక్యం ఎందుకూ పనికిరాదు. రెండోది, "టెస్ట్ చేయలేదు" అని రాయడం. టెస్ట్ చేశారు, పాడైంది, దాస్తున్నారు అనే అందరూ చదువుకుంటారు. 1970లో జార్జ్ ఏకర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల మార్కెట్ గురించి వివరించింది ఇదే. మంచిదేదో చెడ్డదేదో కొనేవాళ్లకు తెలియనప్పుడు అన్నిటికీ తగ్గించిన ధరే ఇస్తారు. మూడోది, "రిటర్న్స్ లేవు" అని పెట్టేసి నిశ్చింతగా ఉండటం. మనసు మారి వెనక్కి ఇస్తామనేవాళ్లను అది ఆపుతుంది, అంతే. వస్తువు వివరణలో చెప్పినట్టు లేదని కొన్నవాళ్లు అంటే ఈబే లాంటి సైట్లు రిటర్న్స్ లేవన్న మాటను పక్కన పెట్టేస్తాయి.

నిజంగా పాడైన వస్తువా? అయితే విడిభాగాల కోసం, పనిచేయనిది అనే కండిషన్ ఎంచుకోండి. కొనేవాళ్లు ఉంటారు. ఈబే 1995లో మొదలైన కొత్తలో, స్థాపకుడు పియర్ ఒమిడ్యార్ పెట్టిన పాడైపోయిన లేజర్ పాయింటరే 14.83 డాలర్లకు పోయింది. పనిచేయదని తెలుసా అని ఆయన అడిగితే, తెలుసు, అలాంటివే సేకరిస్తానని కొన్నతను చెప్పాడట.

6. వేలం సెట్టింగులు

ప్రారంభ ధర: దీనికే పోయినా బాధపడను అనుకునే మొత్తం పెట్టండి. అతి తక్కువతో మొదలుపెడితే జనం ఎగబడతారన్న సలహా బాగా గిరాకీ ఉన్న వస్తువులకే నప్పుతుంది. అరుదైన కేబుల్, పాత ప్రింటర్ లాంటివి అలా పెడితే ఒకే బిడ్‌తో ముగుస్తాయి, అప్పుడు ఇవ్వననడం కుదరదు.

రిజర్వ్ ధర (బిడ్లు దాన్ని అందుకోకపోతే అమ్మక్కర్లేని కనీస ధర) పెట్టవచ్చు గానీ దానికి చాలాచోట్ల అదనపు ఫీజు ఉంటుంది, పైగా రిజర్వ్ అందలేదన్న మాట చూసి కొంతమంది తప్పుకుంటారు. నేను వాడను.

గడువు ఏడు రోజులు చాలు, ఒక సెలవు రోజు వచ్చేలా. ముగిసే సమయం మీరు లిస్టింగ్ పెట్టిన సమయాన్ని బట్టే ఉంటుంది కాబట్టి, జనం ఇంటి దగ్గర ఖాళీగా ఉండే సాయంత్రం పూట పెట్టండి. చివరి గంట దాకా బిడ్లు లేవని గుండె జారిపోయి వేలం ఆపేయకండి. అనుభవం ఉన్నవాళ్లు ఆఖరి పది సెకన్లలోనే బిడ్ వేస్తారు.

ఒక హెచ్చరిక. ధర పెంచడానికి స్నేహితుడితోనో, ఇంకో అకౌంట్‌తోనో బిడ్ వేయించకండి. సైట్లన్నీ నిషేధించాయి, చాలా దేశాల్లో చట్టప్రకారం నేరం కూడా. పైగా అది కొనేవాళ్లను మోసం చేయడమే.

గతంలో బిడ్ వేసి డబ్బు కట్టనివాళ్లను అడ్డుకునే సెట్టింగ్ ఈబేలో ఉంది, మీరు పార్శిల్ పంపని దేశాలవాళ్లను ఆపే సెట్టింగ్ కూడా ఉంది. రెండూ ఆన్ చేయండి. రెండు నిమిషాల పని, సగం విసుగు తగ్గుతుంది.

7. మెసేజ్‌లు, డబ్బు కట్టని విజేతలు

వేలం నడుస్తుండగానే మెసేజ్‌లు మొదలవుతాయి. "ఇప్పుడే ఆపేసి నాకు ఇచ్చేయండి, సైటు బయట డబ్బు పంపుతాను" అనేవాళ్లకు ఒకే జవాబు: కుదరదండీ, బిడ్ వేయండి. సైటు బయటికి వెళ్తే ఏ రక్షణా ఉండదు.

"డబ్బు మీ పేరు మీద పెండింగ్‌లో ఉంది, ట్రాకింగ్ నంబర్ ఇవ్వగానే విడుదలవుతుంది" అన్న ఈమెయిల్ వస్తే అది మోసమే. మెయిల్‌లో ఉన్న లింకు నొక్కకుండా, మీ అంతట మీరే సైటు తెరిచి, లాగిన్ అయి, డబ్బు వచ్చిందో లేదో అక్కడ చూడండి. మీ ఫోన్‌కి వచ్చిన కోడ్ చెప్పమనేవాళ్లు, ఎక్కువ డబ్బు పంపాను, తేడా వెనక్కి పంపండి అనేవాళ్లు, డబ్బు కట్టాక వేరే అడ్రస్‌కి పంపమనేవాళ్లు, అందరూ ఒకే తానులో ముక్కలు. ఆర్డర్‌లో ఉన్న అడ్రస్ తప్ప వేరే చోటికి పంపితే సైటు మీ పక్షాన నిలబడదు. నిజంగా అడ్రస్ మారితే ఆర్డర్ రద్దు చేసి, కొత్త అడ్రస్‌తో మళ్లీ కొనమనండి.

ఇక అందరూ అడిగేది, గెలిచి డబ్బు కట్టనివాళ్ల సంగతి. మొదటి రోజు మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి. తర్వాత గొడవ పడకండి, బతిమాలకండి. ఈబేలో నాలుగు రోజులు గడిచాక డబ్బు కట్టలేదన్న కారణంతో ఆర్డర్ రద్దు చేయవచ్చు. కారణం సరిగ్గా అదే ఎంచుకోండి. వేరే కారణం నొక్కితే వాళ్ల ఖాతాలో మచ్చ పడదు, ఫీజు సంగతీ తేలదు. ఆ తర్వాత రెండో స్థానంలో ఉన్న బిడ్డర్‌కి సెకండ్ ఛాన్స్ ఆఫర్ (తను వేసిన బిడ్ ధరకే కొనుక్కునే అవకాశం) పంపండి, లేదా మళ్లీ లిస్ట్ చేయండి. కోపంతో వాళ్లకు నెగెటివ్ రేటింగ్ ఇద్దామంటే కుదరదు, 2008 నుంచీ ఈబేలో అమ్మేవాళ్లు కొనేవాళ్లకు నెగెటివ్ ఇచ్చే వీలు లేదు.

డబ్బు కనపడేదాకా పార్శిల్ కట్టకండి.

8. ప్యాకింగ్

ఇంకో ఫోన్‌ని ఎత్తుగా ఎక్కడైనా ఆనించి వీడియో ఆన్ చేయండి. వస్తువు ఆన్ చేసి చూపించండి, సీరియల్ నంబర్ దగ్గరగా చూపించండి, ఆపేయండి, చుట్టండి, పెట్టెలో పెట్టండి, టేప్ వేయండి, అడ్రస్ లేబుల్ అంటించి చూపించండి. మధ్యలో వీడియో ఆపకూడదు, వస్తువు ఫ్రేమ్ దాటి పోకూడదు. ఆపితే "అక్కడే మార్చేశారు" అనే మాటకు చోటిచ్చినట్టే.

చుట్టిన వస్తువు చిన్న పెట్టెలో, ఆ పెట్టె పెద్ద పెట్టెలో, మధ్యలో అన్నివైపులా కనీసం నాలుగు వేళ్ల మందం మెత్తటి సరుకు ఉండాలి. ఒక్క పొర న్యూస్‌పేపర్ సరిపోదు, దారిలో నలిగి చదునైపోతుంది. అంతా అయ్యాక పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపండి. లోపల ఏదైనా కదిలిన చప్పుడైనా, బరువు ఒక వైపు జరిగినట్టు చేతికి తెలిసినా విప్పి మళ్లీ కట్టండి. విసుగొస్తుంది, అయినా కట్టండి.

ఇంకొన్ని: ఛార్జర్ దిమ్మ వదులుగా పడేస్తే దారిలో అదే సుత్తిలా స్క్రీన్‌ని కొడుతుంది, విడిగా చుట్టి మూలన బిగించండి. హార్డ్ డిస్క్, గ్రాఫిక్స్ కార్డు లాంటివి యాంటీస్టాటిక్ కవర్‌లో (స్థిర విద్యుత్తు నుంచి కాపాడేది) పెట్టండి. ప్రింటర్‌లోంచి టోనర్, ఇంకు తీసి విడిగా కట్టండి. ఫోన్, ల్యాప్‌టాప్ స్లీప్‌లో కాకుండా పూర్తిగా స్విచాఫ్‌లో ఉండాలి.

లిథియం బ్యాటరీ ఉన్న సంగతి కొరియర్ వాళ్ల దగ్గర దాచకండి. పరికరంతో పాటు వెళ్లే బ్యాటరీకి యూఎన్ 3481 అనీ, విడిగా వెళ్లేదానికి యూఎన్ 3480 అనీ వేర్వేరు వర్గాలు, రెండోదానికి నియమాలు చాలా కఠినం. కెమెరా స్పేర్ బ్యాటరీలు ఇస్తుంటే కొరియర్ వాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి, ఒప్పుకుంటే లోహపు కొనల మీద టేప్ వేయండి.

పార్శిల్ తూచి, మిషన్ మీద అంకె కనపడేలా ఫోటో తీయండి. ట్రాకింగ్ తప్పనిసరి, ఖరీదైనదైతే సంతకం తీసుకునే డెలివరీ, ఇన్సూరెన్స్ కూడా. రసీదు ఫోటో ఫోల్డర్లోకి.

9. ఫిర్యాదు వస్తే

మొదటి మెసేజ్ చదవగానే రక్తం మరుగుతుంది, నాకు తెలుసు. వెంటనే జవాబు రాయకండి, కానీ ఒక రోజు దాటనివ్వకండి, గడువు దాటితే సైటు అవతలివాళ్ల పక్షానే తేల్చేస్తుంది. సైటు మెసేజ్‌ల్లోనే, మర్యాదగా, "ఫోటో గానీ చిన్న వీడియో గానీ పంపగలరా" అని అడగండి. సగం సందర్భాల్లో అది ఛార్జర్ సరిగ్గా పెట్టకపోవడమో, ఏదో సెట్టింగో అయి ఉంటుంది, అక్కడితో తేలిపోతుంది.

లోపం నిజమైతే, మీరు రాయడం మర్చిపోయిందైతే ఒప్పుకోండి. చిన్నదైతే కొంత డబ్బు తగ్గించి ఇస్తానని అడగవచ్చు, ఒప్పుకోకపోతే రిటర్న్ తీసుకోండి. దారిలో పగిలిందైతే పెట్టె, లోపలి సరుకు పారేయవద్దని వాళ్లకు వెంటనే చెప్పండి, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి అవే ఆధారం.

అబద్ధం అనిపించినా రిటర్న్ ప్రక్రియను సైటు ద్వారానే నడవనివ్వండి. వస్తువు వెనక్కి రాకముందే డబ్బు ఇచ్చేయకండి. పార్శిల్ వచ్చాక తెరవకముందే తూచండి, వీడియో ఆన్ చేసి తెరవండి, సీరియల్ నంబర్ పోల్చండి.

నాకు ఒకసారి గ్రాఫిక్స్ కార్డు ఇలాగే వెనక్కి వచ్చింది. చూడటానికి అదే మోడల్, అదే రంగు, దుమ్ము కూడా అంతే. స్టిక్కర్ మీద చివరి నాలుగు అంకెలు మాత్రం వేరు. పాడైపోయిన తన కార్డును నాకు పంపి నా కార్డు ఉంచుకున్నాడు. టెస్ట్ చేసిన రోజు తీసిన స్టిక్కర్ ఫోటో, ప్యాకింగ్ వీడియో, తెరిచినప్పటి వీడియో మూడూ కలిపి సైటుకు పంపాను. తేలడానికి పదకొండు రోజులు పట్టింది, డబ్బు నాకే ఉంచారు. ఆ ఫోటో లేకపోయి ఉంటే నా మాటకూ అతని మాటకూ తేడా ఉండేది కాదు. అప్పటినుంచి కార్డు మీది ఒక స్క్రూ తల మీద కంటికి ఆనీ ఆననంత చిన్న రంగు చుక్క పెట్టి, దాన్నీ ఫోటో తీసి ఉంచుతున్నాను, ఎందుకంటే స్టిక్కర్ పీకి ఇంకో కార్డుకు అంటించడం పెద్ద కష్టం కాదు.

సైటు మీకు వ్యతిరేకంగా తేలిస్తే అప్పీల్ ఉంటుంది. అందులో మీ బాధ రాయకండి. తేదీ, ఏం జరిగింది, ఏ ఫోటో, అంతే, ఐదారు వరసలు చాలు. చదివేవాళ్లకు రోజుకు ఇలాంటివి ఎన్నో వస్తాయి.

10. ఎప్పటిదాకా దాచాలి

ఈబేలో కొన్నవాళ్లు డెలివరీ అయ్యాక 30 రోజుల వరకు ఫిర్యాదు చేయవచ్చు. కార్డుతో కట్టినవాళ్లు బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడిగే గడువు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. నేను ఆరు నెలలు ఉంచుతాను: ఫోటోలు, రెండు వీడియోలు, రసీదు, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు. ఫోల్డర్ పేరులోనే డెలివరీ తేదీ రాసుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు. కొన్నవాళ్ల అడ్రస్, ఫోన్ నంబర్ కూడా అందులోనే ఉంటాయి కాబట్టి, ఆరు నెలలు దాటగానే ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.